అద్దె ఇంటి యజమానులకు సమగ్ర మార్గదర్శి: ముందు పత్రం, తరువాతే తాళం చెవి

ఒకటి రెండు పోర్షన్లో, ఒక ఫ్లాటో, ఇంటి కింద చిన్న దుకాణమో అద్దెకు ఇచ్చిన యజమానులు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకే రకంగా ఉంటాయి. పదకొండు నెలల పత్రం సరిపోతుందా, అద్దె మీద పన్ను ఎలా లెక్కగట్టాలి, ఖాళీ చేయమంటే చేయకపోతే ఏమి చేయాలి అన్నవే వాటిలో ముఖ్యమైనవి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని నివాస గృహాలను దృష్టిలో పెట్టుకుని, పని జరగవలసిన క్రమంలోనే ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. దుకాణాల ప్రస్తావన తేడా ఉన్నచోట మాత్రమే వస్తుంది.

క్రమం అని ఎందుకు అంటున్నానంటే, మన వద్ద చాలామంది ముందుగా అడ్వాన్సు తీసుకుని, తాళాలు ఇచ్చేసి, పత్రం తరువాత తీరిగ్గా రాసుకుందామంటారు. సామాను దిగిన తరువాత ఏ షరతు పెట్టాలన్నా అది బతిమాలుకునే వ్యవహారమవుతుంది.

1. టూలెట్ బోర్డు పెట్టే ముందు

ఇల్లు ఎవరి పేరున ఉందో, దానిని అద్దెకు ఇచ్చే అధికారం ఎవరికి ఉందో మొదట తేల్చుకోవాలి. తండ్రి పోయినా ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉండడం, అన్నదమ్ములలో ఒకరు అద్దె వసూలు చేసుకోవడం మామూలుగా జరిగేదే. కానీ మిగిలిన వాటాదారుల సంతకం గాని, వారు ఇచ్చిన అధికార పత్రం గాని లేకుండా ఒక్కరే రాసిన ఒప్పందం, రేపు వారిలో ఒకరు అడ్డం తిరిగితే నిలబడడం కష్టం.

సిద్ధం చేసుకోవలసినవి:

- యాజమాన్య పత్రం నకలు. ఆస్తి పన్ను ఖాతాలోనూ, కరెంటు సర్వీసులోనూ అదే పేరు ఉందో లేదో సరిచూసుకోవాలి
- ఆ సంవత్సరం ఆస్తి పన్ను రసీదు
- గృహరుణం నడుస్తుంటే, అద్దెకు ఇవ్వడం గురించి రుణ పత్రంలో ఉన్న షరతు. చాలా పత్రాలలో బ్యాంకు అనుమతి కోరే వాక్యం ఉంటుంది
- ఫ్లాటు అయితే అపార్ట్‌మెంటు సంఘం నియమాలు, పార్కింగు కేటాయింపు
- అద్దె జమ కావడానికి విడిగా ఒక బ్యాంకు ఖాతా

ఆస్తి పన్ను ఏడాది మొత్తానికి ఏప్రిల్‌లోనే చెల్లిస్తే జీహెచ్‌ఎంసీ 5 శాతం రాయితీ ఇస్తూ వచ్చింది. ఈ రసీదు ఆదాయపు పన్ను లెక్కలో కూడా అక్కరకు వస్తుంది కాబట్టి జాగ్రత్తపరచాలి.

వీలైతే ప్రతి పోర్షన్‌కూ విడి కరెంటు మీటరు పెట్టించడం మేలు. సబ్‌మీటరుతో యూనిట్లు లెక్కగట్టి వసూలు చేసే ఇళ్ళలో స్లాబు రేటు ఎవరి వాడకం వల్ల పెరిగిందన్న తగవు ప్రతి వేసవిలోనూ వస్తుంది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తుకు అర్హత ఉన్న అద్దెదారులు కూడా తమకు విడి సర్వీసు నంబరు ఉందా అని ముందే అడుగుతున్నారు.

2. అద్దెదారు వివరాల పరిశీలన

ఆధార్, పాన్ నకళ్ళు, ఉద్యోగ గుర్తింపు కార్డు, సొంత ఊరి చిరునామా, దగ్గరి బంధువు ఒకరి ఫోను నంబరు తీసుకోవాలి. ఆధార్ విషయంలో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే నకలు సరిపోతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటారో పేర్లతో సహా రాయించుకోవాలి. బ్యాచిలర్లకు ఇచ్చినప్పుడు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పత్రంలో పేరున్న వ్యక్తి ఆరు నెలలకు వెళ్ళిపోయి, పేరు లేని స్నేహితులు మిగిలిపోయిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

స్థానిక పోలీసు స్టేషన్‌లోగాని, పోలీసు శాఖ ఆన్‌లైన్ సదుపాయం ద్వారాగాని అద్దెదారు వివరాలు నమోదు చేయించడం మంచి అలవాటు. విదేశీయుడికి ఇల్లు ఇస్తే మాత్రం అది అలవాటుతో పోయేది కాదు. అతను దిగిన 24 గంటలలోపు విదేశీయుల నమోదు కార్యాలయానికి ఆన్‌లైన్‌లో అతని వివరాలు పంపవలసిన బాధ్యత బస ఇచ్చిన వారిదే.

3. ఒప్పంద పత్రం: పదకొండు నెలల అపోహ

ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదవాలి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసి, నోటరీ చేత ముద్ర వేయించుకుంటే చట్టం దృష్టిలో అంతా సవ్యంగా ఉన్నట్టేనని ఎక్కువ మంది నమ్మకం. ఈ నమ్మకానికి ఆధారం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17వ సెక్షన్. ఏడాదికి మించిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని ఆ సెక్షన్ మూల పాఠం చెబుతుంది కాబట్టి, పదకొండు నెలలకు రాస్తే ఆ పట్టులో పడమన్నది తర్కం.

ఈ తర్కం చాలా రాష్ట్రాలలో చెల్లుతుంది గాని మన వద్ద చెల్లదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో ఆ సెక్షన్‌ను సవరించి కాలపరిమితి మాటను తొలగించింది. అందువల్ల లిఖితపూర్వకమైన లీజు ఎంత తక్కువ కాలానికి రాసినా రిజిస్టరు కావలసిందే. రాష్ట్ర విభజన తరువాత ఈ సవరణ రెండు రాష్ట్రాలకూ సంక్రమించింది. నోటరీ ముద్ర రిజిస్ట్రేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. సంతకం పెట్టినది ఫలానా వ్యక్తేనని చెప్పడానికి మాత్రమే అది పనికివస్తుంది.

రిజిస్టరు చేయించకపోతే ఇల్లు పోతుందా అంటే, పోదు. అయితే 49వ సెక్షన్ ప్రకారం ఆ పత్రంలోని షరతులను కోర్టులో సాక్ష్యంగా చూపడానికి వీలుండదు. ఏటా ఐదు శాతం పెంచుతామన్న మాట, కనీసం ఏడాది ఉండాలన్న షరతు, ఖాళీ చేయడానికి రెండు నెలల ముందు చెప్పాలన్న నిబంధన అన్నీ కాగితానికే పరిమితమవుతాయి. మిగిలేది నెలవారీ అద్దె సంబంధం ఒక్కటే. ఆయన అద్దెదారుగానే ఇంట్లోకి వచ్చాడని చూపడానికి ఆ పత్రం పనికిరావచ్చు గాని, దానికి కూడా స్టాంపు డ్యూటీ సరిగా చెల్లించి ఉండాలి. డ్యూటీ తక్కువ పడిన పత్రాన్ని కోర్టు స్వీకరించాలంటే లోటుతో పాటు దానికి పది రెట్ల దాకా జరిమానా కట్టవలసి రావచ్చు.

నా అభిప్రాయం అడిగితే, దుకాణానికి, పెద్ద అద్దె వచ్చే ఫ్లాటుకు, యజమాని వేరే ఊళ్ళోనో వేరే దేశంలోనో ఉన్న ఇంటికి రిజిస్ట్రేషన్ విషయంలో రెండో ఆలోచన అనవసరం. చిన్న పోర్షన్‌కు కూడా చేయించడమే సరైన పని. చేయించనివారు ఏమి వదులుకుంటున్నారో తెలిసి వదులుకోవాలి.

రిజిస్ట్రేషన్ క్రమం:

- పత్రం ముసాయిదాను ఇద్దరూ చదివి ఒప్పుకోవాలి
- మొత్తం అద్దె, కాలపరిమితి, అడ్వాన్సు ఆధారంగా స్టాంపు డ్యూటీ, ఫీజు ఎంతో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని గణన సదుపాయంలో చూసుకోవాలి. నివాసానికి, వ్యాపారానికి రేట్లు వేరు
- ఇల్లు ఏ సబ్‌రిజిస్ట్రార్ పరిధిలో ఉందో ఆ కార్యాలయానికి, ఇద్దరు సాక్షులతో, గుర్తింపు పత్రాల అసలు ప్రతులతో వెళ్ళాలి
- సంతకాలు అయిన నాలుగు నెలలలోపు పత్రాన్ని దాఖలు చేయాలి

పత్రంలో తప్పక ఉండవలసిన విషయాలు ఇవి:

- ఇంటి నంబరు, అంతస్తు, పోర్షన్ హద్దులు, పార్కింగు స్థలం
- అద్దె మొత్తం, చెల్లించవలసిన తేదీ, జమ కావలసిన బ్యాంకు ఖాతా
- అడ్వాన్సు మొత్తం, దాని నుంచి ఏమేమి మినహాయించవచ్చు, ఎన్ని రోజులలో తిరిగి ఇవ్వాలి
- అద్దె పెంపు ఎప్పుడు, ఎంత
- కరెంటు, నీరు, మెయింటెనెన్సు, ట్యాంకరు ఖర్చు ఎవరిది
- నివాసానికి మాత్రమేనా, ఉపఅద్దెకు ఇవ్వవచ్చా
- ఖాళీ చేయడానికి ఇరువైపులా ఎంత ముందు చెప్పాలి
- ముందుగా చెప్పి మరమ్మతుల పరిశీలనకు ఇంట్లోకి వచ్చే హక్కు

ఒక హెచ్చరిక. అంతర్జాలంలో దొరికే ముసాయిదాలలో చాలా వరకు ముంబయిలో వాడే లీవ్ అండ్ లైసెన్స్ పత్రాలు, అంటే లీజు హక్కు ఇవ్వకుండా వాడుకునే అనుమతి మాత్రమే ఇచ్చేవి. వాటిని తెచ్చి ఊరి పేరు మార్చి వాడితే అద్దెదారుకు హక్కులు ఉండవని అనుకోవడం పొరపాటు. ఇల్లు పూర్తిగా అతని స్వాధీనంలో ఉంటే, శీర్షికలో ఏ పేరు రాసినా కోర్టు దానిని లీజుగానే చూడవచ్చు.

4. అడ్వాన్సు, అద్దె, నెలవారీ ఖర్చులు

హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దెను అడ్వాన్సుగా తీసుకుంటారు. అంతకు మించి అడిగితే అద్దెదారు దొరకడం ఆలస్యమవుతుంది. ఒక నెలతో సరిపెట్టుకుంటే చివరి నెల అద్దె ఎగ్గొట్టినప్పుడు గోడలకు రంగు వేయించడానికి కూడా ఏమీ మిగలదు.

అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదు. 20,000 రూపాయలు లేదా అంతకు మించిన డిపాజిట్లను నగదుగా తీసుకోవడాన్ని, తిరిగి ఇవ్వడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. ఉల్లంఘిస్తే అంతే మొత్తం జరిమానాగా పడవచ్చు. అద్దె కూడా బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో రావడమే మంచిది. ఎందుకంటే ఎప్పుడు ఆగిందో చెప్పే తిరుగులేని సాక్ష్యం బ్యాంకు ఖాతాయే. బదిలీ చేసేటప్పుడు ఏ నెల అద్దో వ్యాఖ్యలో రాయమని అద్దెదారును అడగాలి.

చాలామంది పట్టించుకోని చిక్కు ఇంకొకటి ఉంది. నివాసానికి తీసుకున్న పోర్షన్‌లో అద్దెదారు బ్యూటీ పార్లరో, కర్రీ పాయింటో మొదలుపెడితే, గృహ వినియోగ మీటరు నుంచి వ్యాపారానికి కరెంటు వాడినట్టు అవుతుంది. 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద అటువంటి వాడకానికి రెట్టింపు రేటుతో అంచనా వేసి వసూలు చేస్తారు. సర్వీసు యజమాని పేరున ఉంటుంది కాబట్టి బిల్లు వచ్చి పడేది యజమాని మీదనే. పైగా ఆస్తి పన్ను కూడా నివాసేతర రేటుకు మారవచ్చు. అందుకే "నివాసానికి మాత్రమే" అన్న షరతును రాసి ఊరుకోకుండా, మూడు నాలుగు నెలలకు ఒకసారి ఇంటి వైపు వెళ్ళి చూసి రావాలి.

5. తాళాలు ఇచ్చే రోజు

ఈ పని అరగంటలో అవుతుంది, కాని ఖాళీ చేసే రోజు వచ్చే తగవులలో సగం ఇక్కడే తీరిపోతాయి.

- ప్రతి గది, స్నానాల గది, వంటగది గట్టు, తలుపులు, కిటికీ అద్దాల ఫొటోలు, తేదీతో
- మీటరు రీడింగు ఫొటో
- ఫ్యాన్లు, లైట్లు, గీజరు, కుళాయిల జాబితా మీద ఇద్దరి సంతకం
- ఇచ్చిన తాళం చెవుల సంఖ్య
- బోరు మోటారు వేసే వేళలు, మంజీరా లేదా కృష్ణా నీరు వచ్చే రోజులు, చెత్త బండి ఏర్పాటు

జాబితాను, ఫొటోలను అదే రోజు అద్దెదారు వాట్సాప్‌కు పంపి, "చూశాను, సరే" అన్న జవాబు తీసుకుంటే సరిపోతుంది.

6. అద్దె ఆదాయంపై పన్ను లెక్క

2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1 కాబట్టి, అప్పటి నుంచి సెక్షన్ల నంబర్లు వేరు. లెక్క కట్టే పద్ధతి మాత్రం అదే. ఒక ఉదాహరణ చూద్దాం.

నెలకు 18,000 రూపాయల అద్దె, ఏడాదికి 2,16,000. యజమాని ఆ ఏడాది చెల్లించిన ఆస్తి పన్ను 6,000. అది తీసివేస్తే మిగిలేది 2,10,000. ఇందులో 30 శాతం, అంటే 63,000, ప్రామాణిక మినహాయింపు. మిగిలినది 1,47,000. ఆ ఇంటి మీద గృహరుణం ఉండి, ఏడాదికి 90,000 వడ్డీ కట్టి ఉంటే, పన్ను పరిధిలోకి వచ్చే అద్దె ఆదాయం 57,000 మాత్రమే.

ఆ 30 శాతానికి బిల్లులు చూపనక్కరలేదు. మరమ్మతులకు ఒక్క రూపాయి ఖర్చు చేయకపోయినా అది వస్తుంది. అదే కారణంగా, రంగులకు లక్ష ఖర్చు చేసినా, మోటారు మార్చినా, బ్రోకరుకు నెల అద్దె ఇచ్చినా విడిగా తగ్గింపు రాదు. ఈ బిల్లులను కట్టగట్టి ఆడిటరు వద్దకు తీసుకువెళ్ళేవారు ఇప్పటికీ ఉన్నారు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ:

- ఆస్తి పన్నును బకాయి పెట్టి మినహాయింపు అడగడం. ఆ సంవత్సరంలో యజమాని నిజంగా చెల్లించినదే లెక్కలోకి వస్తుంది. అద్దెదారు కట్టిన పన్నును యజమాని మినహాయించుకోకూడదు.
- అద్దెను భార్య ఖాతాలో వేయించుకుని ఆమె ఆదాయంగా చూపడం. ఇల్లు ఎవరిదో ఆదాయం వారిదే. డబ్బు ఏ ఖాతాలో పడిందన్నది ప్రశ్న కాదు. ఇంటిని భార్యకు ఉచితంగా రాసి ఇచ్చినా దాని అద్దె భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఇద్దరూ సొంత డబ్బుతో కొని వాటాలు నిర్దిష్టంగా ఉంటే మాత్రం ఎవరి వాటా వారు చూపుకోవచ్చు.
- తిరిగి ఇవ్వవలసిన అడ్వాన్సును ఆదాయంగా చూపడం. దానిని అద్దె కింద సర్దుబాటు చేసుకున్నప్పుడే అది ఆదాయం.
- ఖాళీగా ఉన్న నెలలకు కూడా అద్దె లెక్కగట్టడం. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉండి, అందువల్లనే అద్దె తగ్గితే, వచ్చిన పది నెలల అద్దెనే ఆధారంగా తీసుకోవచ్చు.

పాత, కొత్త పన్ను విధానాల మధ్య తేడా వడ్డీ దగ్గర తెలుస్తుంది. అద్దెకు ఇచ్చిన ఇంటి మీద వడ్డీని రెండు విధానాలలోనూ అద్దె నుంచి తీసివేయవచ్చు. వడ్డీ అద్దెను మించి నష్టం వస్తే, పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు జీతం వంటి ఇతర ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో ఆ వీలు లేదు. పెద్ద రుణంతో ఫ్లాటు కొని అద్దెకు ఇచ్చిన ఉద్యోగులు ఏ విధానం ఎంచుకోవాలో ఈ ఒక్క అంశాన్ని లెక్కగట్టి చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి.

కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను లేదు కాబట్టి రిటర్ను కూడా అవసరం లేదనుకోవడం ఇటీవల పెరిగిన పొరపాటు. ఆ 12 లక్షలు రాయితీ వల్ల వచ్చిన సంఖ్య. మొత్తం ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయవలసిందే. ఏడాదికి లక్ష రూపాయలకు మించి అద్దె కట్టే ఉద్యోగి తన హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కోసం ఇంటి యజమాని పాన్ నంబరును కంపెనీకి ఇస్తాడు కాబట్టి, మీ అద్దె సంగతి శాఖకు మీకన్నా ముందే తెలిసి ఉండవచ్చు.

7. అద్దెదారు పన్ను కోసి ఇస్తే, జీఎస్టీ ఎప్పుడు

నెల అద్దె 50,000 దాటితే, వ్యక్తిగత అద్దెదారు కూడా 2 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసి ప్రభుత్వానికి కట్టాలి. 2024 అక్టోబరు 1కి ముందు ఇది 5 శాతం. దీనికి అద్దెదారు టాన్ (పన్ను కోసేవారికి ఇచ్చే నంబరు) తీసుకోనక్కరలేదు, పాన్‌తోనే కట్టవచ్చు. కోసిన మొత్తం మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోవాలి. జమ కాకపోతే రిటర్ను వేసే ముందే అద్దెదారును అడగాలి. కంపెనీలు, ఆడిట్ పరిధిలోని వ్యాపారులు భవనం అద్దె మీద 10 శాతం కోస్తారు. వారికి కూడా 2025 ఏప్రిల్ నుంచి పరిమితి నెలకు 50,000.

కుటుంబం నివసించడానికి ఇచ్చిన ఇంటి అద్దె మీద జీఎస్టీ లేదు. దుకాణం అద్దె మీద 18 శాతం ఉంటుంది. అయితే యజమాని మొత్తం టర్నోవరు ఏడాదికి 20 లక్షలు దాటితేనే ఆయన నమోదు చేసుకోవాలి. ఈ 20 లక్షల లెక్కలో పన్ను లేని ఇంటి అద్దె కూడా కలుస్తుందని చాలామందికి తెలియదు. 2024 అక్టోబరు 10 నుంచి, యజమానికి నమోదు లేకపోయినా దుకాణదారుకు జీఎస్టీ నమోదు ఉంటే, కాంపొజిషన్ పథకంలో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ రేటుతో పన్ను కట్టే పద్ధతి) ఉన్నవారు మినహా, ఆ పన్నును అతనే నేరుగా కట్టాలి. "ఓనరుగారూ, మీ వల్ల జీఎస్టీ పడుతోంది, అద్దె తగ్గించండి" అని అడిగినప్పుడు తొందరపడకండి. చాలా సందర్భాలలో ఆ పన్నును అతను తన వ్యాపారం మీద కట్టవలసిన జీఎస్టీలో సర్దుబాటు చేసుకోగలడు.

8. అద్దె ఆగిపోతే, ఖాళీ చేయకపోతే

మొదట చేయకూడనివి చెబుతాను. తాళం మార్చడం, నీళ్ళు ఆపడం, ఫ్యూజు తీసివేయడం, సామాను బయట పెట్టించడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. చట్టప్రకారం కాకుండా ఖాళీ చేయించబడిన వ్యక్తి, యాజమాన్యం ఎవరిదన్న చర్చతో పని లేకుండా, ఆరు నెలలలోపు దావా వేసి తిరిగి స్వాధీనం పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టంలోని 6వ సెక్షన్ చెబుతోంది. అంటే అద్దె ఎగ్గొట్టినవాడు బాధితుడై కోర్టుకు వస్తాడు.

ఈ క్రమంలో నడవాలి:

- అద్దె తప్పిన మొదటి నెలలోనే బకాయి ఎంతో తేదీలతో వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో రాయాలి
- రెండో నెల కూడా తప్పితే న్యాయవాది ద్వారా నోటీసు పంపాలి
- గడువు ముగిసినా ఖాళీ చేయకపోతే సివిల్ కోర్టులో ఖాళీ చేయించమని, బకాయి ఇప్పించమని దావా వేయాలి

నెలవారీ అద్దె సంబంధాన్ని ముగించడానికి ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ కింద 15 రోజుల లిఖిత నోటీసు ఇవ్వాలి. రిజిస్టరైన పత్రంలో వేరే గడువు ఉంటే ఆ గడువే వర్తిస్తుంది. నోటీసులో సంతకం ఉండాలి, అందినట్టు రుజువు ఉండాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, సంతకం తీసుకుని బట్వాడా చేసే సదుపాయాన్ని ఎంచుకుని, ఆ రుజువును దాచుకోవాలి.

నోటీసు ఇచ్చిన తరువాత వచ్చే నెల అద్దెను మామూలుగా తీసుకుంటే, ఆ నోటీసును మీరే వదులుకున్నట్టు వాదించడానికి అద్దెదారుకు అవకాశం ఇచ్చినట్టవుతుంది. డబ్బు ఖాతాలో పడితే, "మా హక్కులకు భంగం లేకుండా, ఇంటిని వాడుకున్నందుకు పరిహారంగా మాత్రమే స్వీకరిస్తున్నాము" అని అదే రోజు రాసి పంపాలి.

అద్దెదారు ముందుగా కోర్టుకు వెళ్ళి, తనను బలవంతంగా ఖాళీ చేయిస్తున్నారంటూ ఇంజంక్షన్ (ఆ పని చేయవద్దన్న కోర్టు ఉత్తర్వు) తెచ్చుకోవడం మన కోర్టులలో తరచూ కనిపించే ఎత్తు. ఆ అనుమానం ఉంటే నోటీసుతో పాటే కేవియట్ వేయించండి. మీకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వకుండా అది 90 రోజులు కాపాడుతుంది. దావా నడిచినంత కాలం అద్దెను కోర్టులో జమ చేయించమని దరఖాస్తు పెట్టుకోవడం కూడా మరిచిపోకూడదు. చాలా కేసులు రాజీకి వచ్చేది ఈ దరఖాస్తు తరువాతనే.

రెంట్ కంట్రోలర్ (అద్దె నియంత్రణ చట్టం కింద తగవులు తేల్చే అధికారి) వద్దకు వెళ్ళాలా, సివిల్ కోర్టుకా అన్న ప్రశ్నకు తెలంగాణలో జవాబు అద్దె మీద ఆధారపడి ఉంటుంది. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, 2005 సవరణ తరువాత, మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన భవనాలకు వర్తించదు. ఇతర చోట్ల ఆ పరిమితి 2,000. ఈనాటి అద్దెలలో దాదాపు అన్నీ సివిల్ కోర్టు దారిలోనే వెళతాయి. ఆంధ్రప్రదేశ్ 2017లో నివాస, నివాసేతర ప్రాంగణాలకు వేరే అద్దె చట్టం చేసుకుంది కాబట్టి, అక్కడి యజమానులు నోటీసు రాయించే ముందే ఏ వేదికకు వెళ్ళాలో న్యాయవాదిని అడగాలి.

అద్దె బకాయికి మూడేళ్ళ కాలపరిమితి ఉంది. అది దాటిన బకాయి వసూలుకు దావా నిలవదు. పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు అద్దెదారుదైపోతుందన్న భయం మాత్రం అనవసరం. అద్దెదారుగా, అంటే యజమాని అనుమతితో, ఉన్నంతకాలం అతనికి యాజమాన్యం సంక్రమించదు. అయితే అద్దె సంబంధం ముగిసిన తరువాత స్వాధీనం కోసం వేసే దావాకు పన్నెండేళ్ళ గడువు ఉంది కాబట్టి, నోటీసు ఇచ్చి ఏళ్ళ తరబడి ఊరుకోకూడదు.

9. యజమాని విదేశంలో ఉంటే

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటూ హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లు అద్దెకు ఇచ్చిన తెలుగువారు ఎక్కువగా పొరపడేది టీడీఎస్ దగ్గర. ప్రవాస యజమానికి అద్దె చెల్లించే వ్యక్తి, నెల అద్దె ఎంత తక్కువైనా, 30 శాతం పన్ను, దాని మీద సెస్సు కలిపి 31.2 శాతం కోయాలి. 50,000 పరిమితి, 2 శాతం రేటు ఇక్కడ వర్తించవు. దీనికి అద్దెదారు టాన్ తీసుకోవాలి. కోయకపోతే బాధ్యత అతని మీద పడుతుంది కాబట్టి, మీరు ప్రవాసులన్న సంగతి ఒప్పందంలోనే రాయాలి.

కోత ఎక్కువగా ఉందనిపిస్తే రెండు దారులు ఉన్నాయి. ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకుని అద్దెదారుకు ఇవ్వవచ్చు, లేదా రిటర్ను వేసి ఎక్కువైనది వాపసు తీసుకోవచ్చు. 12 లక్షల వరకు వచ్చే రాయితీ ప్రవాసులకు లేదని గుర్తుంచుకుని లెక్క వేసుకోవాలి. అద్దె సాధారణంగా ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో, అంటే భారతదేశంలోని ఆదాయం కోసం ప్రవాసులు తెరిచే బ్యాంకు ఖాతాలో, జమ అవుతుంది.

ఇక్కడ ఉన్న అన్నగారో, బావగారో పత్రం మీద సంతకం చేయాలంటే అధికార పత్రం అవసరం. దానిని విదేశంలో భారత కాన్సులేట్ అధికారి ముందో, నోటరీ ముందో రాసి పంపితే, భారతదేశానికి చేరిన మూడు నెలలలోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. నెల నెలా అద్దె వసూలు, మరమ్మతులు, అద్దె పత్రం రిజిస్ట్రేషన్, అవసరమైతే దావా వేయడం వరకే అధికారం ఇవ్వండి. అమ్మే అధికారాన్ని అదే పత్రంలో కలపవద్దు. బంధువు మీద నమ్మకం లేదని కాదు, అద్దె వసూలుకు ఆ అధికారంతో పని లేదు కనుక.

10. ఖాళీ చేసే రోజు, అడ్వాన్సు లెక్క

వెళ్ళిపోయే తేదీ ఖరారైన వెంటనే ఒకసారి ఇంటికి వెళ్ళి, ఏమేమి బాగు చేయించాలో అద్దెదారుతో కలిసి చూసుకోవాలి. గోడ రంగు వెలిసిపోవడం, కుళాయి వాషరు అరగడం వంటి మామూలు అరుగుదల యజమాని ఖర్చు. పగిలిన సింకు, విరిగిన తలుపు అద్దెదారు ఖర్చు. రంగులకు ఒక నెల అద్దె మినహాయించుకునే ఆనవాయితీ చాలా చోట్ల ఉంది గాని, పత్రంలో ఆ మాట లేకుండా చివరి రోజు చెబితే తగవు ఖాయం.

సామాను బండి ఎక్కిన తరువాత చేయవలసినవి:

- మొదటి రోజు తీసిన ఫొటోలతో గదులను పోల్చి చూడడం
- మీటరు రీడింగు తీసి, చివరి బిల్లు తరువాత వాడిన యూనిట్లకు లెక్క కట్టడం
- మెయింటెనెన్సు, నీటి బిల్లుల బకాయి లేదని సంఘం నుంచి తెలుసుకోవడం
- తాళం చెవులన్నీ లెక్క చూసుకోవడం. కొత్త అద్దెదారు రాకముందు తాళం మార్చడం
- మినహాయింపుల పట్టీని రాతపూర్వకంగా ఇచ్చి, మిగిలిన అడ్వాన్సును బ్యాంకు ద్వారా పంపడం

రిజిస్టరైన లీజు గడువుకు ముందే ముగిస్తుంటే, ఇల్లు ఖాళీగా అప్పగించినట్టు, అడ్వాన్సు అందినట్టు, ఇకపై ఎవరికీ ఎవరూ బాకీ లేరని ఒక కాగితం మీద ఇద్దరూ సంతకం చేసుకోవాలి. ఆ లీజును రద్దు చేసుకునే పత్రాన్ని అదే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకుంటే, తరువాత ఇల్లు అమ్మేటప్పుడు తీసే ఈసీలో (ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం) పాత లీజు గురించి కొనేవారు సందేహపడరు.